మంచుకు కాటా: భిలాయ్ యార్డు లెక్కతో ధ్రువాల లెక్క

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చే కరిగిన ఇనుమును అక్కడివాళ్లు హాట్ మెటల్ అంటారు. ఆధునికీకరణ తర్వాత ఆ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 75 లక్షల టన్నుల హాట్ మెటల్. మూడు షిఫ్టుల్లో, పండగా పబ్బం చూడకుండా, ఏడాది పొడవునా ఫర్నేసులు చల్లారనీయకుండా నడిపితే వచ్చే బరువది. గ్రీన్‌లాండ్‌ను కప్పి ఉన్న మంచు పలక సగటున అంత బరువును పావుగంటలో పోగొట్టుకుంటోంది.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 2002 నుంచి ఉపగ్రహాలు నమోదు చేసిన కొలతల ప్రకారం గ్రీన్‌లాండ్ సగటున ఏటా సుమారు 27,000 కోట్ల టన్నుల మంచును కోల్పోతోంది. అంటార్కిటికా నష్టం ఏటా 14,000 కోట్ల టన్నులకు అటూఇటుగా ఉంది. ఇంత పెద్ద అంకెలు వింటే సందేహం రావడం సహజం. మనుషులు ఉండని చోట, కిలోమీటర్ల మందాన పరుచుకున్న మంచును ఎవరు తూచారు? ఏ కాటా మీద పెట్టారు? ఆ అంకెను ఎందుకు నమ్మాలి?

జవాబును భిలాయ్ ముడిసరుకుల యార్డు దగ్గర మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది.

కుప్ప ఎంత తరిగింది?

భిలాయ్‌కి ఇనుప ఖనిజం దల్లీ–రాజహరా గనుల నుంచి, సున్నపురాయి నందిని గనుల నుంచి వస్తాయి. విదేశాల నుంచి కొనే కోకింగ్ బొగ్గు ఓడల్లో విశాఖ తీరానికి చేరి, అక్కడి నుంచి గూడ్సు రైళ్లలో ప్లాంటుకు వస్తుంది. ఇలాంటి యార్డులో పోసిన బొగ్గు కుప్ప నెల తిరిగేసరికి ఎంత తరిగిందో తెలుసుకోవడానికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది సర్వే. కుప్ప ఎత్తు, పొడవు, వెడల్పు కొలిచి ఘనపరిమాణం కడతారు. దాన్ని బొగ్గు సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుంది. రెండోది ఖాతా. వే బ్రిడ్జి మీద తూచిన లెక్క ప్రకారం ఎంత బొగ్గు లోపలికి వచ్చింది, ఎంత కోక్ ఓవెన్లకు వెళ్లింది అని రాసుకుంటారు. వచ్చిందాంట్లో పోయింది తీసేస్తే మిగిలింది తెలుస్తుంది.

రెండింటిలోనూ పొరపాటుకు చోటుంది. కుప్ప పైన వదులుగా, అడుగున గట్టిగా ఉంటుంది కాబట్టి సాంద్రత అంతటా ఒకటి కాదు. ఖాతాలో ఒక రైలు లెక్క తప్పినా ఆ తేడా నెలాఖరు దాకా వెంట వస్తుంది. అందుకే సర్వేను, ఖాతాను పక్కపక్కన పెట్టి సరిచూడాలి. కుప్పను కుప్పగా ఎత్తి కాటా మీద పెట్టగలిగితే ఈ బాధే ఉండదు, కానీ యార్డులో అది అయ్యే పని కాదు.

ధ్రువాల మంచును కూడా సరిగ్గా ఈ పద్ధతుల్లోనే లెక్కిస్తారు. సర్వే ఉంది, ఖాతా ఉంది. యార్డులో సాధ్యం కాని ఆ మూడో దారి కూడా అక్కడ ఉంది.

లెక్కలోకి వెళ్లేముందు ఒక విషయం స్పష్టంగా ఉండాలి. సముద్రం మీద తేలే మంచు, నేల మీద కూర్చున్న మంచు ఒకటి కావు. గ్లాసులో తేలే ఐసుముక్క కరిగితే నీటి మట్టం పెరగదు, ఎందుకంటే అది అప్పటికే తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోసి ఉంది. నేల మీది మంచు సముద్రంలోకి చేరితే మాత్రం గ్లాసులో కొత్తగా నీళ్లు పోసినట్టే. ఆర్కిటిక్ సముద్రం మీద పేరుకునేది మొదటి రకం. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలు రెండో రకం. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే ప్రపంచ సముద్ర మట్టం 7 మీటర్లకు పైగా, అంటార్కిటికాది మొత్తం కరిగితే సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. అదంతా కరగడానికి వందల, వేల ఏళ్లు పడుతుంది. కానీ అందులో ఒక చిన్న వంతు చాలు, తీరాల లెక్కలు మారిపోవడానికి.

మొదటి లెక్క: ఎత్తు

మంచు ఉపరితలం ఎత్తును కొలిచే పరికరాన్ని ఆల్టీమీటర్ అంటారు. ఉపగ్రహం నుంచి రాడార్ తరంగమో లేజర్ కాంతో కిందికి పంపుతారు. అది మంచును తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఉపగ్రహం ఎంత ఎత్తులో ఉందో ముందే తెలుసు కాబట్టి మంచు ఎత్తు తేలుతుంది. చెప్పడం తేలికే, చేయడం కష్టం. ఎత్తులో ఒక్క సెంటీమీటరు తేడా పట్టుకోవాలంటే సెకనులో 1,500 కోట్లవ వంతు సమయాన్ని గుర్తించగలగాలి.

1991లో యూరప్ పంపిన ఈఆర్ఎస్–1తో ఈ రికార్డు మొదలైందని చెప్పవచ్చు. తర్వాత ఈఆర్ఎస్–2, ఎన్విశాట్ అదే పని కొనసాగించాయి. 2012లో ఎన్విశాట్ మూగబోయింది. మరుసటి ఏడాది, 2013 ఫిబ్రవరి 25న, శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ–సీ20 రాకెట్ సరళ్ అనే ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సీఎన్ఈఎస్ కలిసి తయారుచేసిన ఈ ఉపగ్రహాన్ని ఎన్విశాట్ పాత బాటలోనే, 35 రోజులకోసారి అదే చోటికి తిరిగొచ్చేలా నడిపారు. దీంతో అదే గీతల మీద కొలతలు మళ్లీ మొదలయ్యాయి.

సరళ్‌లోని ఆల్టికా రాడార్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. అంతకుముందు ఆల్టీమీటర్లు వాడిన తరంగాలు పొడి మంచులోకి కొన్ని మీటర్ల లోతు దాకా చొచ్చుకుపోయేవి. దాంతో తిరిగి వచ్చిన ప్రతిధ్వని పైపొరదా, లోపలి పొరదా అని తేల్చడం తలనొప్పిగా ఉండేది. ఆల్టికా వాడిన కేఏ బ్యాండు తరంగం ఒక మీటరు లోపే ఆగిపోతుంది. కుప్ప పైభాగం ఎక్కడుందో మరింత కచ్చితంగా చెప్పగలగడం దీని లాభం.

2010లో వెళ్లిన క్రయోశాట్–2 ధ్రువానికి బాగా దగ్గరగా, 88 డిగ్రీల అక్షాంశం దాకా చూస్తుంది. 2018లో వెళ్లిన ఐస్‌శాట్–2 సెకనుకు 10,000 సార్లు ఆకుపచ్చ లేజర్ కాంతిని కిందికి విసురుతుంది. ప్రతి విసురులోనూ లక్షల కోట్ల ఫోటాన్లు బయలుదేరితే, తిరిగి పరికరాన్ని చేరేవి పదీ పన్నెండు మాత్రమే. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి సమయం కడుతుంది.

ఎత్తు ఎంత బాగా కొలిచినా యార్డులో ఎదురైన చిక్కే ఇక్కడా ఎదురవుతుంది, అదే సాంద్రత. గట్టి మంచు ఘనపు మీటరుకు సుమారు 917 కిలోలు తూగుతుంది. కొత్తగా కురిసిన హిమం అందులో మూడో వంతు కూడా తూగకపోవచ్చు. ఉపరితలం మీటరు పెరిగిందంటే అది తేలికపాటి హిమమా, గట్టి మంచా? జవాబును బట్టి బరువు మూడింతలు మారుతుంది. 2015లో నాసా శాస్త్రవేత్తల బృందం ఒకటి అంటార్కిటికాలో మంచు తగ్గడం కాదు, పెరుగుతోందని ప్రకటించినప్పుడు వాదన నడిచింది ప్రధానంగా ఈ విషయం మీదే. తూర్పు అంటార్కిటికాలో కనిపించిన స్వల్ప ఎత్తు పెరుగుదలను ఆ బృందం వేల ఏళ్లుగా పేరుకుంటున్న గట్టి మంచుగా లెక్కగట్టింది. మిగతా బృందాలు ఆ లెక్కతో ఏకీభవించలేదు. అలాంటి వివాదాన్ని ఎత్తు కొలతలతోనే తేల్చలేం, వేరే లెక్క కావాలి.

రెండో లెక్క: రాబడి, పోబడి

మంచు పలక నిశ్చలంగా ఉండే గడ్డ కాదు. మధ్యలో హిమం కురిసి పేరుకుంటుంది, దాని బరువుకు అది అంచుల వైపు జారుతూ హిమనదాలుగా సముద్రంలోకి దిగుతుంది. కురిసింది రాబడి. కరిగి పారిందీ, హిమనదాల ద్వారా సముద్రంలో పడిందీ ఖర్చు. రాబడి కంటే ఖర్చు ఎక్కువైతే పలక తరుగుతుంది.

రాబడిని వాతావరణ నమూనాల సాయంతో, మంచు నుంచి తీసిన నమూనాలతో సరిచూసుకుంటూ అంచనా వేస్తారు. హిమనదాల ఖర్చు కట్టాలంటే మంచు నేలను విడిచి నీటిపై తేలడం మొదలుపెట్టే గీత దగ్గర మూడు సంగతులు తెలియాలి. అవి మంచు వెడల్పు, మందం, వేగం. మందాన్ని విమానాల్లోని రాడార్లతో కొలుస్తారు. వేగాన్ని చెప్పేది ఉపగ్రహాల్లోని సింథటిక్ అపర్చర్ రాడార్. అది ఒకే చోటును కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చిత్రిస్తుంది. రెండు చిత్రాలనూ పోల్చి, ఈలోగా మంచు ఎంత కదిలిందో లెక్క తీస్తారు. మబ్బు పట్టినా, ఆరు నెలల ధ్రువ రాత్రి అయినా రాడార్‌కు అడ్డు లేదు. గ్రీన్‌లాండ్ పడమటి తీరంలోని యాకబ్స్‌హావ్న్ హిమనదం 2012 వేసవిలో ఏడాదికి 17 కిలోమీటర్ల వేగాన్ని అందుకుందని తెలిసింది ఇలాగే. అంటే రోజుకు 46 మీటర్లకు పైనే.

ఈ లెక్కకు కొత్త బలం కూడా శ్రీహరికోట నుంచే వెళ్లింది. 2025 జూలై 30న జీఎస్ఎల్‌వీ–ఎఫ్16 రాకెట్ నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నిసార్‌ను కక్ష్యలో పెట్టింది. దానికి 12 మీటర్ల వ్యాసం ఉన్న జల్లెడ లాంటి యాంటెన్నా ఉంది. నాసా ఇచ్చిన ఎల్ బ్యాండు రాడార్, ఇస్రో తయారుచేసిన ఎస్ బ్యాండు రాడార్ రెండూ దాని ద్వారానే పనిచేస్తాయి. 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 12 రోజులకోసారి అదే బాట మీదికి వస్తుంది.

నిసార్ ఎటు చూస్తుందన్నది కూడా మంచు శాస్త్రవేత్తలకు ముఖ్యమే. రాడార్ ఉపగ్రహం నేరుగా కిందికి చూడదు, ఒక పక్కకు చూస్తుంది. చాలా ఉపగ్రహాలు కుడివైపు చూడటం వల్ల ఉత్తర ధ్రువం బాగా కనబడి, దక్షిణ ధ్రువం చుట్టూ ఖాళీ మిగులుతోంది. నిసార్ ఎడమవైపు చూస్తుంది. అందువల్ల అంటార్కిటికా లోపలి భాగం దాని చూపులోకి వస్తుంది.

మూడో లెక్క: నేరుగా తూకం

2002 మార్చి 17న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి రెండు ఉపగ్రహాలు ఒకే రాకెట్‌లో వెళ్లాయి. అమెరికా, జర్మనీ కలిసి చేపట్టిన ఈ ప్రయోగం పేరు గ్రేస్. ఆ రెండింటిలో కిందికి చూసే కెమెరా లేదు, భూమి వైపు పంపే రాడారూ లేదు. అవి చూసేది ఒకదాన్నొకటి మాత్రమే. ముందొకటి, దాని వెనక సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి, ఒకే బాటలో భూమి చుట్టూ తిరుగుతూ, తమ మధ్య దూరం ఎంత మారిందో కొలుచుకుంటాయి.

తూకం అందులోనే ఉంది. దారిలో బరువైన మంచు పలక ఎదురైతే, ముందున్న ఉపగ్రహాన్ని దాని గురుత్వాకర్షణ కాస్త ముందుగా లాగుతుంది. మధ్య దూరం పిసరంత పెరుగుతుంది. వెనకది కూడా చేరువయ్యాక అదీ లాగబడి దూరం మళ్లీ తగ్గుతుంది. ఈ మార్పు మీటరులో పది లక్షలవ వంతు స్థాయిలో ఉంటుంది. తల వెంట్రుక మందంలో కూడా అది చిన్న భాగమే. నెల తర్వాత అదే చోట లాగుడు తగ్గిందంటే అక్కడ బరువు తగ్గినట్టే. హిమమా, గట్టి మంచా అన్న ప్రశ్నే రాదు. కుప్పను కుప్పగా కాటా మీద పెట్టడమంటే ఇదే.

అయితే ఈ కాటాకూ లోపాలు ఉన్నాయి. మొదటిది, చూపు మసక. సుమారు 300 కిలోమీటర్ల కంటే చిన్న ప్రాంతాలను విడదీసి చూడలేదు కాబట్టి, ఏ హిమనదం ఎంత కోల్పోయిందో విడిగా చెప్పడం కష్టం. రెండోది, కింద ఉన్న నేల. గత మంచు యుగంలో ఈ ప్రాంతాల మీద ఇంకా ఎక్కువ మంచు ఉండేది. ఆ బరువు తొలగడంతో అణిగిన రాతి పొర, లేచి వెళ్లాక మెల్లగా పొంగే పరుపులా, వేల ఏళ్లుగా పైకి లేస్తూనే ఉంది. కింది నుంచి వచ్చి చేరే రాతి బరువు గ్రేస్‌కు మంచు పెరిగినట్టు కనబడుతుంది. దాన్ని తీసేయాలి. మంచు మధ్య బయటికి పొడుచుకొచ్చిన కొండల మీద జీపీఎస్ పరికరాలు పెట్టి నేల ఎంత లేస్తోందో కొలిచి ఆ సవరణ చేస్తారు. అంటార్కిటికా విషయంలో ఇది పెద్ద సవరణే.

మూడు పుస్తకాలూ కలిస్తే

మూడు లెక్కల్లో ఏదీ నిర్దుష్టం కాదు. కానీ ఒక్కొక్కదాని లోపం ఒక్కో రకం. ఎత్తు లెక్కకు సాంద్రత చిక్కు, ఖాతా లెక్కకు మందం చిక్కు, తూకానికి కింది రాతి చిక్కు. ఒకదాని తప్పు ఇంకోదానికి అంటుకోదు. అందుకే మూడూ ఒకే జవాబు దగ్గరికి వస్తే దాన్ని కాకతాళీయం అనలేం.

ఒకప్పుడు ఆ జవాబులు కలిసేవి కావు. అంటార్కిటికా మంచు పెరుగుతోందా, తరుగుతోందా అన్నదాని మీద కూడా పరిశోధన బృందాలు వేర్వేరు మాటలు చెప్పేవి. 2011లో ఇంబీ పేరుతో అంతర్జాతీయ శాస్త్రవేత్తలు ఒక కూటమి కట్టారు. అందరూ ఒకే హద్దులు, ఒకే కాలవ్యవధి, ఒకే సవరణలు వాడి లెక్క తీయాలన్నది దాని నియమం. 2012లో వచ్చిన వాళ్ల తొలి ఫలితంలోనే పాత తేడాలు చాలావరకు సర్దుకున్నాయి.

2023లో వెలువడిన ఇంబీ అంచనా 50 ఉపగ్రహ సర్వేలను కలిపి చేసింది. 1992 నుంచి 2020 వరకు రెండు ధ్రువాల మంచు పలకలు కలిపి 7 లక్షల 56 వేల కోట్ల టన్నుల మంచును కోల్పోయాయని అది తేల్చింది. 36,000 కోట్ల టన్నుల మంచు కరిగితే ప్రపంచ సముద్ర మట్టం సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన ఈ నష్టం 21 మిల్లీమీటర్లకు సమానం. ఒక్క 2019లోనే 61,200 కోట్ల టన్నులు పోయాయి. 1990ల ఆరంభంలో సముద్ర మట్టం పెరుగుదలలో మంచు పలకల వాటా 5.6 శాతం ఉండేది. ఇప్పుడది నాలుగో వంతు దాటింది.

రికార్డు పొడవుగా ఉండటం ఎందుకు ముఖ్యమో ఇటీవలి అనుభవం చూపిస్తుంది. 2021 నుంచి 2023 వరకు అంటార్కిటికాలో అసాధారణంగా హిమం కురవడంతో అక్కడి మంచు బరువు తగ్గాల్సింది పోయి పెరిగింది. ఆ మూడేళ్లే చూసినవారు ముప్పు తప్పిందనుకోవచ్చు. ముప్పై ఏళ్ల పుస్తకం తెరిస్తే అది ఒక మంచి నెల జీతం లాంటిదని, అప్పు తీరలేదని అర్థమవుతుంది.

భారతి నుంచి షాద్‌నగర్‌కు

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు 14 సార్లకు పైగా భూమిని చుట్టినా, మన దేశం మీదికి వచ్చేది కొద్దిసార్లే. ధ్రువం దగ్గరికి మాత్రం ప్రతి చుట్టులోనూ వస్తుంది. అక్కడ సమాచారం అందుకునే యాంటెన్నా ఉంటే నిరీక్షణ తగ్గుతుంది. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2013లో అంటార్కిటికాలోని భారతి పరిశోధన కేంద్రం దగ్గర గ్రౌండ్ స్టేషన్‌ను ఏర్పాటు చేసింది. అక్కడ అందిన సమాచారం కమ్యూనికేషన్ ఉపగ్రహం మీదుగా హైదరాబాద్ సమీపంలోని షాద్‌నగర్‌కు చేరుతుంది.

సముద్రం లేని ఊరికి ఏం సంబంధం?

భిలాయ్ సముద్ర మట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున, విశాఖకు రైలు దారిలో ఐదొందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. కానీ ఉక్కు నగరం కట్టిన రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. సెక్టార్–5లోని బాలాజీ మందిరం వారి ఉనికికి గుర్తు. వాళ్ల సొంతూళ్లు ఎన్నో తీరానికి దగ్గరివే. ప్లాంటుకు కావలసిన విదేశీ బొగ్గు దిగేదీ ఆ తీరంలోనే.

ధ్రువాల మంచు పోతే ఆ తీరానికి పడే భారం సగటు కంటే కాస్త ఎక్కువ. దీనికి కారణం కూడా గ్రేస్ కొలిచే గురుత్వాకర్షణే. పెద్ద మంచు పలక తన చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంచుతుంది. పలక చిక్కిపోతే ఆ పట్టు సడలి, అక్కడి నీరు దూరంగా జరుగుతుంది. గ్రీన్‌లాండ్ తీరంలో నీటి మట్టం తగ్గి, రెండు ధ్రువాలకూ దూరంగా ఉన్న ఉష్ణమండల తీరాల్లో సగటును మించి పెరుగుతుంది. బంగాళాఖాతం అలాంటి చోటే.

సంబంధం రెండో వైపు నుంచి కూడా ఉంది. బ్లాస్ట్ ఫర్నేసు దారిలో టన్ను ఉక్కు చేయడానికి రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గాలిని వేడెక్కించే వాయువుల్లో ప్రపంచ ఉక్కు పరిశ్రమ వాటా చిన్నది కాదు. విశాఖలో దిగిన బొగ్గు భిలాయ్‌లో కాలి, ఆ పొగ ధ్రువాల దాకా లెక్కలోకి వచ్చి, తిరిగి విశాఖ తీరంలోనే మట్టంగా కనబడటమన్నది ఒకే గొలుసు.

ఓడరేవులో బెర్తు కట్టినా, తీరాన రోడ్డు వేసినా అది యాభై ఏళ్లు నిలవాలన్న లెక్కతో కడతారు. అప్పటికి నీటి మట్టం ఎంత ఉంటుందో ఇంజనీరుకు ముందే ఒక అంకె కావాలి. ఆ అంకె ఎంత కచ్చితంగా ఉంటే అంత డబ్బు ఆదా అవుతుంది, అంత ప్రమాదం తప్పుతుంది. దానికి మంచు పుస్తకంలో పేజీలు చిరగకూడదు. గ్రేస్ 2017 అక్టోబరులో ఆగిపోయి, దాని వారసులు 2018 మే 22న పైకి వెళ్లేదాకా కొన్ని నెలల తూకం లెక్క లేకుండాపోయింది. ఆ వారసులకూ వయసు మీద పడుతోంది. తర్వాతి జతను 2028లో పంపాలన్నది అమెరికా, జర్మనీల ప్రణాళిక. యార్డులో ఒక నెల కుప్ప కొలవకపోతే వచ్చే నెల సర్దుకోవచ్చు. ధ్రువాల దగ్గర కొలవకుండా పోయిన నెలను మళ్లీ కొలిచే వీలు ఉండదు.